బొమ్మ ఎక్కడ పెట్టాలి? బండ్లు చెప్పే లెక్క!

శుక్రవారం బొమ్మ రిలీజు. గురువారం తెల్లారేసరికి ఊళ్లో ఏ గోడ చూసినా హీరోగారే! బస్టాండు దగ్గర కత్తి పట్టుకుని, కాలేజీ మలుపులో గులాబీ పట్టుకుని, రైతుబజారు ఎదురుగా చెల్లెలి పెళ్లి చేస్తూ... మీరు బండి ఆపి మరీ చూస్తారు. బాగానే ఉంది. కానీ ఎప్పుడైనా ఆలోచించారా? ఆ బొమ్మ సరిగ్గా ఆ మలుపులోనే ఎందుకు పెట్టారు? అవతలి వీధిలో ఎందుకు పెట్టలేదు?

హోర్డింగును మనం చూస్తున్నామనుకుంటాం. నిజానికి అంతకంటే ముందే మనల్ని ఎవరో చూసి వెళ్లారు. చూసి ఊరుకోలేదు, లెక్కపెట్టుకుని మరీ వెళ్లారు! ఆ లెక్క సంగతే ఈ వారం మీకు చెప్పబోతున్నాను.

విజయవాడ గాంధీనగర్ అంటే సినిమా డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులకు పెట్టింది పేరు. ఒకప్పుడు ప్రింటు పెట్టెలతో పాటు ఊరూరా తిరిగిన రిప్రజెంటేటివ్ ఒకాయన అక్కడ నాకు పరిచయం. "పేరు మాత్రం వెయ్యకు" అన్నారు కాబట్టి వెయ్యడం లేదు. అందరూ 'బాబాయ్' అంటారు, నేనూ అంతే. ఈ మధ్య ఆయన దగ్గరికి ఒక చిన్న సినిమా వాళ్లు వచ్చారు. అందరూ కొత్త కుర్రాళ్లు. హీరో కొత్త, డైరెక్టరు కొత్త, అప్పు మాత్రం పాతది! ఒక పట్టణంలో పెద్ద హోర్డింగు ఒక్కటంటే ఒక్కటి పెట్టుకునే స్తోమత ఉంది. ఏజెంటు రెండు చోట్లు చూపించాడట. ఒకటి హైవే సెంటరు, రెండోది పాత బస్టాండు రోడ్డు. "హైవే మీద రోజుకి నలభై వేల బండ్లండీ! బస్టాండు రోడ్డులో పదహారు వేలే" అని లెక్క కూడా ఇచ్చాడు. కుర్రాళ్లు హైవేకి అడ్వాన్సు ఇవ్వబోతూ, ఎందుకైనా మంచిదని బాబాయ్‌ని అడగడానికొచ్చారు.

వాళ్ల కంగారు అర్థం చేసుకోదగ్గదే. పెద్ద హీరో సినిమాకి పోస్టరు లేకపోయినా మొదటి ఆటకి జనం వస్తారు. కొత్తవాళ్ల సినిమా ఒకటి వచ్చిందని జనానికి తెలియాలంటేనే బోర్డు కావాలి. శుక్రవారం, శనివారం, ఆదివారం... ఈ మూడు రోజుల్లో హాల్లో కుర్చీలు నిండకపోతే సోమవారానికి ఆ హాల్లో ఇంకో బొమ్మ ఉంటుంది. బోర్డు తప్పుచోట పెడితే మళ్లీ పెట్టడానికి డబ్బూ ఉండదు, వ్యవధీ ఉండదు.

టీకొట్టు కొలత

"మా రోజుల్లో ఈ అంకెలెక్కడివి అబ్బాయ్!" అన్నారు బాబాయ్. "ఊళ్లో దిగగానే టీకొట్టు దగ్గర కూర్చునేవాళ్లం. పొద్దున ఏ రోడ్డు మీద టీ ఎక్కువ పోతుంది, సాయంత్రం ఎక్కడ పోతుంది... అది చూస్తే చాలు, పోస్టరు ఎక్కడ పడాలో తెలిసిపోయేది."

అప్పట్లో సింగిల్ షీటు, ఆరు షీట్లు, ఇరవై నాలుగు షీట్లు అని పోస్టర్లకు కొలతలు. కాగితాలు ముక్కలుగా వచ్చేవి. పోస్టర్లు అంటించే కుర్రాడు సైకిలుకి నిచ్చెన కట్టుకుని, బకెట్లో మైదా జిగురు కలుపుకుని అర్ధరాత్రి బయల్దేరేవాడు. జిగురులో కాస్త మైలుతుత్తం కూడా కలిపేవారు. లేకపోతే తెల్లారేసరికి ఊళ్లో ఆవులు హీరోయిన్ని సగం నమిలేసేవి! ఏ గోడ మీద ముక్క సరిగ్గా అతుక్కుంటుందో, ఏ గోడ ముందు జనం నిలబడతారో ఆ కుర్రాడికి తెలిసినంత ఎవరికీ తెలిసేది కాదు.

అదీ ఒక లెక్కే. కాకపోతే అతని బుర్రలో ఉండేది, కాగితం మీద ఉండేది కాదు. ఇప్పుడు ఫ్లెక్సీలు వచ్చాయి, అద్దెలు పెరిగాయి. డబ్బు పెట్టేవాడు 'నాకు కాగితం మీద చూపించు' అంటున్నాడు. అమెరికాలో ఈ ప్రశ్న 1930లలోనే వచ్చింది. బోర్డులవాళ్లూ, వాటిమీద డబ్బు ఖర్చుపెట్టేవాళ్లూ కలిసి 'ట్రాఫిక్ ఆడిట్ బ్యూరో' అని ఒక సంస్థ పెట్టుకున్నారు. ఏ బోర్డు ముందు నుంచి ఎన్ని బండ్లు పోతున్నాయో లెక్క తేల్చడమే దాని పని. 2016లో దాని పేరు 'జియోపాత్'గా మారింది.

గీతల పుస్తకం

ఇంతకూ బండ్లను లెక్కపెట్టడం ఎలా? అన్నిటికంటే పాత పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది. ఒక మనిషి, ఒక పుస్తకం, ఒక పెన్సిలు. బండి పోయినప్పుడల్లా ఒక గీత. నాలుగు నిలువు గీతలు పడ్డాక అయిదోది అడ్డంగా. చాకలి పద్దులాగే! మోటారు సైకిళ్లకు ఒక వరస, ఆటోలకు ఒకటి, కార్లకు ఒకటి, బస్సులకు ఒకటి, లారీలకు ఒకటి. రోజంతా నిలబడే ఓపిక లేకపోతే ప్రతి గంటలోనూ పావుగంట లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తారు.

రోడ్డుకి అడ్డంగా రబ్బరు గొట్టం పరిచే పద్ధతి ఒకటుంది. చక్రం ఎక్కినప్పుడల్లా గొట్టంలో గాలి కదులుతుంది, చివరనున్న పెట్టెలో అంకె పడుతుంది. అది లెక్కపెట్టేది ఇరుసుల్ని. రెండు ఇరుసులైతే ఒక కారు. వరసలో బుద్ధిగా నడిచే దేశాల్లో ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. మన రోడ్డు మీద ఒకే క్షణంలో ఎడంపక్క ఆటో, కుడిపక్క రెండు మోటారు సైకిళ్లు, మధ్యలోంచి దూరే కొబ్బరిబొండాల బండి! పాపం ఆ గొట్టం ఏమని చెబుతుంది? అందుకే ఇప్పుడు స్తంభానికి కెమెరా కట్టి, తీసిన వీడియోలో బండ్లను కంప్యూటరు చేత లెక్కపెట్టిస్తున్నారు. జేబుల్లోని ఫోన్లు ఏ దారిన కదిలాయో చూసి చెప్పే పద్ధతులూ వచ్చాయి.

ఏ పద్ధతైనా సరే, ఒక్కరోజు లెక్క నమ్మరాదు. సంతరోజు లెక్కపెడితే ఒకటి వస్తుంది, మర్నాడు ఇంకొకటి వస్తుంది. ఊరి బయట రోడ్ల మీద వరసగా ఏడు రోజులు, రాత్రింబవళ్లు, ఏడాదికి రెండుసార్లు లెక్క తీయాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1972లోనే చెప్పింది. బోర్డు అద్దెకిచ్చే మనిషి అంకె చెప్పగానే మనం అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. "ఎన్నాళ్లు లెక్కపెట్టారు? ఏ రోజున?"

ఎద్దుబండి అంటే ఎనిమిది కార్లు!

ఇక్కడొక తమాషా. రోడ్లు వేసే ఇంజనీర్ల దగ్గర ట్రాఫిక్ లెక్కలు బోలెడుంటాయి. అవి చేతికొస్తే చాలు కదా అనిపిస్తుంది. కానీ అందులో ఒక మెలిక ఉంది. ఇంజనీరుకి కావలసింది మనుషులు కాదు, రోడ్డు మీద చోటు. అందుకని ప్రతి బండినీ 'ఇన్ని కార్లతో సమానం' అని మారుస్తారు. ఊరి బయట రోడ్లకు 1990లో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఇచ్చిన పట్టిక ప్రకారం మోటారు సైకిలు అర కారు, బస్సు మూడు కార్లు, పెద్ద ఎద్దుబండి ఏకంగా ఎనిమిది కార్లు!

రోడ్డు వెడల్పు ఎంతుండాలో తేల్చడానికి అది సరైన లెక్కే. ఎద్దుబండి నెమ్మదిగా పోతుంది, వెనకనున్న వాళ్లందరినీ ఆపుతుంది. కానీ దాని మీద కూర్చుని బోర్డు చూసేవాడు ఒక్క రైతే. ఎద్దులు టిక్కెట్టు కొనవు కదా! అదే పట్టికలో మూడు కార్లుగా తేలిన బస్సులో యాభై మంది ఉంటారు. అందుకే ఈ 'కార్ల' అంకెను పట్టుకొచ్చి "ఇంతమంది చూస్తారు" అని ఎవరైనా చెబితే నమ్మకండి. బండ్లను రకాల వారీగా అడిగి తీసుకోవాలి. ఆ తర్వాతే మనుషుల సంఖ్య కట్టాలి.

బండి వేరు... కళ్లు వేరు

మనుషుల లెక్క తేలినంత మాత్రాన పని అయిపోలేదు. బండిలో ఉన్న ప్రతివాడూ బోర్డు చూడగలడా? ఒక సాయంత్రం కూడలిలో నిలబడి నేనే గమనించాను. ఆటోలో వెనక కూర్చున్నవాళ్లకి టాపు అడ్డం. ముప్ఫై అడుగుల ఎత్తున హీరో ఎంత నవ్వినా వాళ్లకి కనబడడు. వాళ్ల కంటికి ఆనేది గోడమీద నడుమెత్తున ఉన్న వాల్‌పోస్టరే. బస్సులో కిటికీ పక్కనున్నవాడు రోడ్డు పక్కకు చూస్తాడు, ఎదురుగా చూడడు. కడ్డీ పట్టుకుని నిలబడ్డవాడికి పక్కవాడి భుజం తప్ప ఏమీ కనబడదు.

మోటారు సైకిలు నడిపేవాడు నేరుగా ముందుకు చూస్తాడు. వెనక ఒకవైపుకి తిరిగి కూర్చున్న ఆడవాళ్లో? వాళ్ల ముఖం రోడ్డుకి ఎడంపక్కకే ఉంటుంది. అంటే ఎడంపక్క గోడ మీది చీరల బోర్డు, ఫ్యామిలీ సినిమా పోస్టరు వాళ్ల కంట పడతాయి. డివైడరుకి అవతలున్నవి పడవు. ఒకే మోటారు సైకిలు మీద ఇద్దరుంటే, ఇద్దరూ చూసేవి రెండు వేర్వేరు బోర్డులన్నమాట!

"ఇదంతా మాకు తెలుసయ్యా" అన్నారు బాబాయ్ నవ్వుతూ. "ఫైటు బొమ్మ ఎదురుగా, ఏడుపు బొమ్మ ఎడంపక్కన!"

విదేశాల్లో కూడా చివరికి ఇక్కడికే వచ్చారు. బ్రిటన్‌లో 1996లో 'పోస్టార్' అనే కొలత వచ్చింది. ఎంతమంది దాటారు అన్నదానితో ఆగకుండా, ఎంతమంది కన్ను ఆ బోర్డు మీద పడే అవకాశం ఉంది అన్నది కూడా అందులో చూశారు. బోర్డు సైజు, దూరం, ఎంత పక్కకి తిరిగి ఉంది, రాత్రి దీపం ఉందా లేదా... అన్నిటికీ అంకె తగ్గిస్తూ పోతారు. 2013లో దాని స్థానంలో 'రూట్' వచ్చింది.

రెండు సెంటర్లు, ఒక లెక్క

ఇక మన కుర్రాళ్ల సంగతి. ఏజెంటు చెప్పిన మొత్తాలు అలాగే ఉంచి, మిగతావి లెక్క కోసం అనుకున్న గుండు అంకెలు వేసుకుని, బాబాయ్ నేనూ ఒక కాగితం మీద కూర్చున్నాం. మీరూ పెన్సిలు తీసుకోండి.

హైవే సెంటరు: రోజుకి 40,000 బండ్లు. బోర్డు ముఖం ఒకవైపుకే. ఎదురుగా వచ్చేవాళ్లకి బోర్డు వెనక ఇనప కడ్డీలు తప్ప ఏం కనబడదు. కాబట్టి సగం కొట్టేస్తే 20,000. ఆ బోర్డుకి దీపాలు లేవు. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా పోయేవి నూటికి అరవై అనుకుంటే 12,000. అందులో మూడింట రెండొంతులు వేరే ఊళ్లకు పోయే లారీలూ, కార్లూను. వాళ్లు ఈ ఊరి హాల్లో టిక్కెట్టు కొనరు. మిగిలేవి 4,000 బండ్లు. బండికి ఇద్దరు చొప్పున 8,000 మంది. రోజు అద్దె వెయ్యి రూపాయలనుకుంటే, వెయ్యిమందికి చూపించడానికి 125 రూపాయలు పడుతుంది.

పాత బస్టాండు రోడ్డు: రోజుకి 16,000 బండ్లు. ఒకవైపు 8,000. ఇక్కడ బోర్డుకి దీపాలున్నాయి కాబట్టి అర్ధరాత్రి దాకా కనబడుతుంది. నూటికి తొంభై వేసుకుంటే 7,200. అందులో మోటారు సైకిళ్లు 5,000, ఆటోలు 1,500, కార్లు 500, బస్సులు 200. మోటారు సైకిలుకి ఒకటిన్నర చొప్పున 7,500 మంది. కారుకి ఇద్దరు చొప్పున 1,000. ఆటోకి నలుగురు చొప్పున 6,000, కానీ టాపు అడ్డం కాబట్టి సగమే, 3,000. బస్సుకి నలభై చొప్పున 8,000, అందులోనూ సగమే, 4,000. మొత్తం 15,500. పొరుగూరి వాళ్లు ఒక 3,500 మంది అనుకుని తీసేస్తే 12,000 మంది. అద్దె రోజుకి పన్నెండు వందలు. అంటే వెయ్యిమందికి 100 రూపాయలే!

చూశారా! ఏజెంటు లెక్కలో వెయ్యి బండ్లకు హైవే మీద 25 రూపాయలు, బస్టాండు దగ్గర 75. మూడు రెట్లు ఖరీదన్నమాట. కళ్లు లెక్కపెట్టేసరికి బస్టాండు బోర్డే చవక అయి కూర్చుంది. నడిచిపోయేవాళ్లనీ, బస్సుకోసం నిలబడ్డవాళ్లనీ మేం అసలు కలపనే లేదు.

"అయితే బాబాయ్, పన్నెండు వేలమందికీ తెలిసినట్టేనా?" అన్నాడు కొత్త డైరెక్టరు.

"కాదు నాన్నా. పన్నెండు వేల చూపులు. ఒకే కుర్రాడు కాలేజీకి పోతూ చూస్తాడు, సినిమాకి పోతూ చూస్తాడు, మర్నాడు మళ్లీ చూస్తాడు."

ఇది గుర్తుంచుకోవలసిన మాట. ఆఫీసు దారిలో రోజూ పోయేది దాదాపు అదే జనం. బస్టాండులో రోజుకో కొత్త జనం ఉంటారు. కొత్త సినిమా ఉందని ఊరికి తెలియాలంటే కొత్త ముఖాలు కావాలి. తెలిసినవాడికి 'శుక్రవారమే, మరిచిపోకు' అని గుర్తుచేయాలంటే రోజూ పోయే దారే మేలు.

ఎన్ని సెకన్లు చూస్తాడు?

గంటకి 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకి దాదాపు 17 మీటర్లు దాటుతుంది. బోర్డు వంద మీటర్ల దూరం నుంచి కనబడుతుందనుకుంటే, చూడడానికి దొరికేది ఆరు సెకన్లు. అదే ఊళ్లో గంటకి 20 కిలోమీటర్లతో ఈడ్చుకుంటూ పోతే పద్దెనిమిది సెకన్లు. ఎర్రదీపం పడితే నిమిషం పైమాటే. ఆరు సెకన్లలో హీరో ముఖం, సినిమా పేరు, తారీఖు... అంతే చదవగలం. సమర్పణ, సహనిర్మాత, ఆయన బావమరిది పేర్లన్నీ వేస్తే చదివేదెవరు? అక్షరం అంగుళం ఎత్తుకి పది అడుగుల దూరం నుంచి హాయిగా చదవొచ్చని బోర్డులు రాసేవాళ్ల వాడుక లెక్క. వంద అడుగుల నుంచి చదవాలంటే అక్షరం పది అంగుళాలుండాలి.

ఒక్కోసారి బండ్లు తగ్గకపోయినా చూపు తగ్గుతుంది. హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్ రోడ్స్ అంటే సంధ్య, సుదర్శన్, దేవి... సినిమా అభిమానులకు పుణ్యక్షేత్రం! ఆ దారిన మెట్రో లైను 2020 ఫిబ్రవరిలో మొదలైంది. రోడ్డు మీద జనం ఉన్నారు. కానీ ఎత్తైన వంతెనా, స్తంభాలూ వచ్చాక కింద నిలబడి తల ఎత్తితే కనబడేది అంతకుముందు కనబడిన దృశ్యం కాదు. పాత లెక్క పుస్తకంలో ఈ సంగతి ఉండదు. వెళ్లి చూడాల్సిందే.

సంక్రాంతికి అంతా తారుమారు

మన సినిమాలకు అన్నిటికంటే పెద్ద సీజను సంక్రాంతి. మామూలు వారంలో తీసిన లెక్క ఆ వారం పనికిరాదు. హైదరాబాద్ నుంచి విజయవాడ వైపు హైవే కార్లతో కిటకిటలాడుతుంది, పంతంగి టోల్‌గేటు దగ్గర బారులు తీరతాయి. నగరంలో మామూలుగా కదలని కూడళ్లు పండగనాడు ఖాళీ! నగరంలో లెక్కపెట్టిన ఆ కళ్లే ఇప్పుడు గోదావరి జిల్లాలో కోడిపందేల దారిలో ఉంటాయి. ఇక్కడ మాత్రం హైవే బోర్డుకి విలువుంది. ఆ కార్లలో వాళ్లు దిగబోయేది ఆ ఊళ్లలోనే, మర్నాడు కుటుంబంతో సినిమాకి పోయేదీ ఆ ఊళ్లలోనే.

గాలివాన వస్తే...

ఈ లెక్కలో ఎవరూ వేయని వరస ఒకటుంది. బండ్లు ఎక్కువ పోయే చోట అద్దె ఎక్కువ. అద్దె ఎక్కువైన చోట బోర్డు పెద్దదవుతుంది. అది పడితే మీదపడేది కూడా అక్కడున్న జనం మీదే. 2024 మే 13న ముంబయి ఘాట్‌కోపర్‌లో గాలిదుమారానికి ఒక హోర్డింగు పెట్రోలు బంకు మీద కూలింది. పదిహేడు మంది చనిపోయారు. దాని కొలత 120 అడుగులు ఇంటూ 120 అడుగులు! అంతకుముందు 2019 సెప్టెంబరులో చెన్నైలో రోడ్డు మధ్య కట్టిన బ్యానరు మీదపడి, స్కూటరు మీద పోతున్న యువతి ప్రాణం పోయింది. తెలంగాణ ప్రభుత్వం 2020లో ఇచ్చిన ఉత్తర్వులో నేల నుంచి 15 అడుగులకు మించిన ఎత్తులో ప్రకటన బోర్డులు ఉండరాదని చెప్పింది.

అభిమాన సోదరులకు ఇక్కడొక మాట. మీరు చందాలు వేసుకుని కట్టే ఫ్లెక్సీలూ ఇందులోకే వస్తాయి. ఎక్కువమందికి కనబడాలని సరిగ్గా మలుపులో, కరెంటు తీగల పక్కన, ఎదురొచ్చే బండి కనబడకుండా కడతారు. మీ హీరోని చూసేవాడు బతికుంటేనే కదా టిక్కెట్టు కొనేది!

ఇంతకీ కుర్రాళ్లు ఏం చేశారంటారా? బస్టాండు రోడ్డుకే ఒప్పుకున్నారు. కానీ బాబాయ్ సలహా మీద అంతకంటే చిన్న బోర్డు తీసుకుని, మిగిలిన డబ్బుతో ఆటోవాళ్ల కంటికి ఆనేట్టు రెండు కాలేజీల దారిలో వాల్‌పోస్టర్లు వేయిస్తున్నారు. గోడ యజమానులను అడిగి మరీ! సినిమా ఆడుతుందా లేదా అన్నది ఏ గీతల పుస్తకమూ చెప్పదు. బోర్డు జనాన్ని హాలు దాకా తీసుకొస్తుంది, లోపల కూర్చోబెట్టాల్సింది మాత్రం కథే.

మీకూ సరదాగా ఉంటే ఈ ఆదివారం మీ ఊరి సెంటర్లో ఒక పావుగంట, ఫుట్‌పాత్ మీదే సుమా, నిలబడి లెక్కపెట్టి చూడండి. మోటారు సైకిళ్లకో వరస, ఆటోలకో వరస. ఆ తర్వాత తల ఎత్తి, అక్కడున్న హోర్డింగు వాళ్లలో ఎందరికి కనబడుతోందో చూడండి. అద్దె కడుతున్న నిర్మాతకి కూడా తెలియని సంగతి మీకు తెలిసినా ఆశ్చర్యం లేదు!